నొప్పి పోయింది గాని మోకాలు మానలేదు
(సంఘం వార్షిక సభలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ సభలో చదువుల గురించి, పెండ్లి ఖర్చుల గురించి పెద్దలు మాట్లాడుతుంటారు. ఈసారి కార్యదర్శి గారు నా దగ్గరికి వచ్చి "ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి మాస్టారూ" అన్నారు. నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఏండ్లు బడి పిల్లల చేత డ్రిల్లు చేయించినవాణ్ణి. ఆరోగ్యం అనే పెద్ద మాట కింద నాకు బాగా తెలిసింది ఒక్క మోకాలు. అదీ నా సొంత కుడి మోకాలు. అది చెడిపోయిన విధమూ, దాన్ని నేను ఇంకా చెడగొట్టుకున్న విధమూ, చివరికి బాగుపడిన విధమూ మీకు విన్నవించుకుంటాను. ఇందులో నవ్వుకోవలసింది కొంత ఉన్నది. నవ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు.

రిటైరయిన మరుసటి ఏడు, అంటే నాకు అరవై నిండే సమయానికి, పాత విద్యార్థులు బడి మైదానంలో ఒక కబడ్డీ ఆట పెట్టుకున్నారు. నన్ను రిఫరీగా పిలిచారు. వెళ్ళి ఊరుకున్నానా? ఊరుకోలేదు. "సార్, ఒక్క కూత పెట్టండి సార్" అన్నారు. పిల్లలు అడిగితే ఎట్లా కాదంటాం? విజిల్ పక్కవాడికిచ్చి గీత దాటాను. అప్పటికి ఆ పిల్లలూ పిల్లలు కారు, ఒకడికి తల నెరిసింది. వాడే పక్కనుంచి వచ్చి నా కుడికాలి బయటివైపు భుజంతో తగిలాడు. నా పాదం నేలలో పాతుకుని ఉంది. ఒళ్ళు అటు తిరిగింది, మోకాలు లోపలివైపుకు వంగింది. లోపలి పక్కన బట్ట చిరిగినట్టు అనిపించింది. "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటూ నేనే లేచాను. ముప్ఫై ఏండ్లు పిల్లలకు "ఆటకు ముందు ఒళ్ళు వేడెక్కించుకోండిరా" అని చెప్పిన మనిషి, ఆ రోజు కుర్చీలోంచి లేచి నేరుగా గీత దాటాడు.

కుంటుతూ ఇంటికి పోయాను. మా ఆపా చూసింది. "మోచ్ వచ్చిందిరా, నేను తీసేస్తా కూర్చో" అని ఆవనూనె వేడిచేసి, రెండు బొటనవేళ్ళతో గట్టిగా రుద్దింది. ఆ పైన ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టింది. ఆమె ప్రేమకు లోటు లేదు. కాని ఫజర్ వేళకు లేచి చూస్తే మోకాలు గుమ్మడికాయంత అయి ఉంది. చిప్ప ఎక్కడున్నదో వేళ్ళకు తెలియలేదు.

మన ఇండ్లలో జరిగే మొదటి పొరపాటు ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. మనం దీన్ని "నరం పట్టింది", "నరం మీద నరం ఎక్కింది" అంటాం. అది నరం కాదు. తొడ ఎముకను, కింది కాలి ఎముకను కలిపి పట్టుకునే తాడు లాంటిది. డాక్టర్లు లిగమెంటు అంటారు. మోకాలికి ఇవి ముఖ్యంగా నాలుగు. లోపలి పక్కన ఒకటి, బయటి పక్కన ఒకటి, కీలు మధ్యలో ఒకదాన్ని ఒకటి దాటుతూ రెండు. ఎడ్ల బండికి కాడి కదలకుండా పగ్గం ఎట్లా పట్టుకుంటుందో ఇవి అట్లా పట్టుకుంటాయి. పగ్గంలో కొన్ని పోగులు సాగి చిట్లితే అది మొదటి రకం బెణుకు. సగం పోగులు తెగితే రెండో రకం. పగ్గం పూర్తిగా తెగితే మూడో రకం. పోగులు తెగిన చోట లోపల నెత్తురూ నీరూ ఊరుతుంటాయి. ఆ సమయంలో రుద్దితే, వేడి పెడితే, ఆ ఊట ఎక్కువవుతుంది. మా ఆపా తీసిందనుకున్న మోచ్‌కు ఇంకా కొంచెం కలిపిందన్న మాట. ఈ సంగతి ఆమెకు నేను ఇప్పటిదాకా చెప్పలేదు. ఇవాళ ముందు వరుసలోనే కూర్చుని ఉంది, వింటున్నది. క్షమించు ఆపా.

మరి ఆ మొదటి రెండు మూడు రోజులు ఏం చేయాలి? 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు నాలుగు మాటల్లో ఒక పద్ధతి చెప్పాడు. విశ్రాంతి, ఐసు, మెత్తని బిగువు కట్టు, కాలు ఎత్తులో పెట్టడం. లోకమంతా దాన్నే పట్టుకుంది. మేము ట్రైనింగులో చదివిందీ అదే. 2014లో ఆయనే తన మాట సవరించుకున్నాడు. ఐసు నొప్పిని తగ్గిస్తుంది గాని మానడాన్ని ఆలస్యం చేయవచ్చు, పూర్తిగా కదలకుండా పడుకోవడం కూడా మేలు కాదు అన్నాడు. పెద్దమనిషి తన మాటను తానే దిద్దుకోవడం నాకు నచ్చింది. ఇప్పుడు డాక్టర్లు చెప్పే మధ్యేమార్గం ఏమంటే, మొదటి రెండు రోజులు నొప్పి కోసం ఐసును గుడ్డలో చుట్టి పావుగంట సేపు, రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టుకోవచ్చు. ఐసు ముక్క నేరుగా తోలు మీద పెట్టరాదు. షుగరు ఉండి కాళ్ళు తిమ్మిరెక్కే వారు అసలు జాగ్రత్త, వారికి చల్లదనం ఎంత కాలుస్తున్నదో తెలియదు. కాలు దిండు మీద గుండె కంటే ఎత్తులో ఉండాలి. కట్టు వేలు దూరేంత వదులుగా ఉండాలి. కాలివేళ్ళు నీలం పడినా, మొద్దుబారినా వెంటనే విప్పాలి. నూనె, మర్దనా, కాపడం ఆ మూడు రోజులూ వద్దు.

కొందరు పుత్తూరు కట్టు మాట ఎత్తుతారు. వెదురు బద్దలు పెట్టి వారాల తరబడి బిగించే కట్ల సంగతీ ఇక్కడ అందరికీ తెలిసిందే. ఎముక విషయం వేరు, నేను దాని జోలికి పోను. లిగమెంటు బెణికిన మోకాలును మాత్రం నెల రోజులు బద్దల్లో బిగిస్తే కీలు బిగుసుకుపోతుంది, తొడ కండ కరిగిపోతుంది. తర్వాత ఆ కాలును వంచడానికి పడే బాధ మొదటి దెబ్బకంటే ఎక్కువ.

మూడో రోజు నన్ను మా అబ్బాయి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ముందు మంచి కాలు చూశాడు, తర్వాత దెబ్బ కాలు. మోకాలు కొంచెం వంచి, కింది కాలును మెల్లగా పక్కకు నెట్టి, రెండు కాళ్ళలో ఏది ఎక్కువ తెరుచుకుంటున్నదో పోల్చాడు. నాలుగు అడుగులు వేయమన్నాడు. ఎక్స్‌రే రాశాడు. బెణుకైన ప్రతి వారికీ ఎక్స్‌రే అక్కర లేదట. కెనడాలో ఒటావా డాక్టర్లు దీనికి ఒక లెక్క కట్టారు. వయసు 55 దాటినా, నాలుగు అడుగులు వేయలేకపోయినా, మోకాలు మూలమట్టానికి వంగకపోయినా, చిప్ప మీద గాని, మోకాలి బయటివైపు ఎముక బుడిపె మీద గాని నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయాలి. నాకు వయసు దాటింది కాబట్టి తీశారు. ఎముకకు ఏమీ కాలేదు. ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదు. "ఫోటోలో ఏం లేదు, మనవాడు నాటకం ఆడుతున్నాడు" అని ఎవరినీ అనకండి. లిగమెంటు చూడాలంటే ఎం.ఆర్.ఐ. కావాలి. అది కూడా అందరికీ వెంటనే అవసరం ఉండదు, చేతితో చూసే డాక్టరుకే చాలా తెలుస్తుంది. నాది లోపలి పక్క తాడు, రెండో రకం. "ఆరు వారాలు పడుతుంది మాస్టారూ, అదృష్టవంతులు" అన్నాడాయన.

అదృష్టం ఏమిటో తర్వాత తెలిసింది. లోపలి పక్క లిగమెంటుకు నెత్తురు సరఫరా బాగా ఉంటుంది. అది సాధారణంగా ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది. మొదటి రకమైతే ఒకటి నుంచి మూడు వారాలు, రెండో రకమైతే నాలుగు నుంచి ఆరు, పూర్తిగా తెగినా రెండు మూడు నెలలు. కీలు మధ్యలో ముందువైపు ఉండే తాడు అట్లాంటిది కాదు. అది తెగితే తనంతట తాను సరిగా అతుక్కునేది తక్కువ. దెబ్బ తగిలినప్పుడు "టప్" మని శబ్దం వినిపించి, గంటా రెండు గంటల్లోనే మోకాలు ఉబ్బి, తర్వాత నడుస్తుంటే మోకాలు ఉన్నట్టుండి జారిపోతున్నట్టు ఉంటే ఆ తాడునే అనుమానించాలి.

ఆ తాడు తెగినవారిలో మనందరికీ తెలిసినవాడు పుల్లెల గోపీచంద్. 1994లో పుణెలో జాతీయ క్రీడలప్పుడు డబుల్స్ ఆడుతూ జతగాడితో ఢీకొని మోకాలు పోగొట్టుకున్నాడు. ఆపరేషన్లు జరిగాయి. తిరిగి కోర్టులోకి వచ్చి 2001 మార్చిలో ఇంగ్లండులో చైనావాడైన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకోనే తర్వాత ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు ఆయనే. మన సైనా నెహ్వాల్ కూడా 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలి బాధతో ఓడిపోయి, ఆపరేషన్ చేయించుకుని, 2017 ఆగస్టులో ప్రపంచ పోటీల్లో కంచు పతకం తెచ్చింది. పత్రికల్లో ఆపరేషనూ పతకమూ అచ్చవుతాయి. ఆ రెంటి మధ్య గదిలో కూర్చుని తువాలు నొక్కిన నెలలు ఎవరూ అచ్చువేయరు. నేను చెప్పబోయేది ఆ నెలల గురించే.

నాకు రెండు చంక కర్రలిచ్చారు, పక్కల ఇనుప బద్ద ఉన్న మోకాలి పట్టీ ఇచ్చారు. కర్రలు పట్టుకుని బజారుకు పోవడం నాకు నామోషీ అనిపించింది. "డ్రిల్లు మాస్టరు కుంటుతున్నాడు" అంటారని సందు దాకా కర్రలతో పోయి, సందు చివర కర్రలు మనవడికిచ్చి, బజారులో మామూలుగా నడిచేవాణ్ణి. మసీదులోనూ అంతే. ఇమాం సాబు స్వయంగా చెప్పారు, నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయవచ్చు, సజ్దాకు వంగలేనివారు సైగతో చేయవచ్చు, షరీఅత్‌లో దీనికి అనుమతి ఉన్నది, ఇందులో చిన్నతనం ఏమీ లేదు అని. నేను వింటేనా? రెండో వారంలోనే అందరితో పాటు సజ్దాకు పోయి, ఖాదాలో మోకాలు మడిచి కూర్చోబోయి, లేవలేక పక్కవారి భుజం పట్టుకున్నాను. మర్నాడు మసీదుకు పోయేసరికి వరుస చివర ఒక కుర్చీ వేసి ఉంది. ఎవరు వేశారో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. కూర్చున్నాను. ఖాదాలో కూర్చోవాలంటే మోకాలు పూర్తిగా మడవాలి. మోకాలికి అన్నిటికంటే ఆఖరున తిరిగి వచ్చేది ఆ మడతే. మన బాత్రూముల్లో గొంతుక్కూర్చోవడమూ అటువంటిదే. ఇంట్లో మరుగుదొడ్డి పాతదైతే దాని మీద పెట్టుకునే ప్లాస్టిక్ కుర్చీ దొరుకుతుంది. సిగ్గుపడకుండా ఒకటి కొనుక్కోండి.

మూడో వారం గడిచేసరికి నొప్పి తగ్గింది. నాలుగో వారానికి పోయింది. నేను చేసిన అసలు తప్పు అప్పుడు చేశాను. ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోవాలని డాక్టరు చీటీ రాసిచ్చాడు. నొప్పే లేనప్పుడు ఫిజియో ఎందుకు, నేనే డ్రిల్లు మాస్టర్ని, నాకు ఒకరు డ్రిల్లు నేర్పాలా అనుకుని చీటీ మడిచి జేబులో పెట్టాను. ఐదో వారంలో గ్యాసు బండ వచ్చింది. నిండు బండ దాదాపు ముప్ఫై కిలోలు. కుర్రాడు గుమ్మం దగ్గర దించిపోయాడు. మా ఆవిడ "ఆగండి, అబ్బాయి వస్తాడు" అంటున్నా వినకుండా ఎత్తి వంటింటి వైపు మళ్ళాను. పాదం గడప దగ్గర ఆగింది, ఒళ్ళు తిరిగింది. అదే మోకాలు, అదే పక్క. మళ్ళీ మొదటికి వచ్చింది కథ.

ఈసారి మాత్రం ఫిజియోథెరపిస్టు దగ్గరికి బుద్ధిగా పోయాను. చిన్న వయసు అమ్మాయి, మా బడిలో చదివిన పిల్లకంటే పెద్దదేమీ కాదు. దర్జీ టేపు తీసి రెండు తొడలూ చిప్పకు పైన ఒకే ఎత్తులో కొలిచింది. కుడి తొడ మూడు సెంటీమీటర్లు తక్కువ ఉంది. "సార్, తాడు అతుక్కుంటోంది. తాడుకు కాపలా ఉండే కండ కరిగిపోయింది. నొప్పి పోవడం వేరు, మానడం వేరు" అన్నది. ముప్ఫై ఏండ్లు నేను చెప్పవలసిన మాట ఆ పిల్ల నాకు చెప్పింది. మోకాలు దెబ్బ తగిలి ఉబ్బితే, తొడ ముందు కండను ఒళ్ళే నిద్రపుచ్చుతుందట. నిద్రపోయిన కండను మనం లేపకపోతే అది తనంతట తాను లేవదు. మెట్టు ఎక్కేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు మూడు రెట్ల దాకా భారం పడుతుంది. కండ లేకపోతే ఆ భారమంతా కొత్తగా అతుకుతున్న తాడు మీద పడుతుంది.

ఆమె నేర్పినవి చూస్తే ఇంతేనా అనిపిస్తాయి. తువాలు చుట్టి మోకాలి కింద పెట్టి, కాలు చాపి, మోకాలితో తువాలును మంచానికి నొక్కి పది లెక్కపెట్టాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. తర్వాత కాలు నిటారుగా ఉంచి జానెడు ఎత్తు లేపి దించాలి. మడమను మంచం మీద మెల్లగా జరుపుతూ మోకాలు ఎంత వంగితే అంత వంచాలి. ఇది వాపు తగ్గుతుండగానే మొదలుపెట్టవచ్చు. ఆపైన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, చిన్న మెట్టు ఎక్కి దిగడం. ఇవన్నీ నాకు తెలిసినవే. తెలియనిది ఒకటి నేర్పింది. గోడ పక్కన నిలబడి దెబ్బ కాలి మీద ఒంటికాలితో నిలవమంది. నేను ఐదు లెక్కపెట్టేలోపు తూలాను. మంచి కాలి మీద నిమిషం నిలబడ్డాను. లిగమెంటు తాడే కాదట, మోకాలు ఏ స్థితిలో ఉన్నదో మెదడుకు కబురు పంపేది కూడా అదే. తెగిన తాడు నుంచి కబురు సరిగా పోదు. అందుకే గడప దగ్గర నా మోకాలు తిరుగుతున్నదని నాకు తెలిసేసరికి అది తిరిగిపోయింది. ఒంటికాలి నిలుపు ఆ కబురును మళ్ళీ నేర్పుతుంది. పండ్లు తోముకునేటప్పుడు చేయమన్నది. ఇప్పటికీ చేస్తున్నాను.

కర్రల గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే చాలామంది తప్పు పట్టుకుంటారు. ఒక్క కర్ర పట్టుకుంటే దెబ్బ కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు.

నాకు పింఛను వస్తుంది. ఆరు వారాలు కూర్చోమంటే కూర్చున్నాను, మళ్ళీ ఆరు వారాలు అన్నా కూర్చున్నాను. మిర్యాలగూడ రైసు మిల్లులో హమాలీ చేసే ఒక తమ్ముడున్నాడు, నాకు వరసకు బావమరిది అవుతాడు. బస్తా భుజాన ఉండగా పలక మీద కాలు జారి మోకాలు మెలిక పడింది. ఊళ్ళో సూది వేయించుకున్నాడు. గంటలో నొప్పి పోయింది. మర్నాడు పనిలోకి పోయాడు. నొప్పి వచ్చినప్పుడల్లా సూది, సూది పడినప్పుడల్లా బస్తా. నొప్పి అనేది ఒళ్ళు కొట్టే గంట. గంట మూసి పెట్టి బస్తా ఎత్తితే ఏమవుతుంది? నాలుగు నెలల్లో లోపలి మెత్తని గద్దె కూడా చిరిగి మోకాలు మధ్యలో ఇరుక్కుపోవడం మొదలైంది. చాపబోతే చాపరాదు. నేను కోపం చేశాను. "ఆరు వారాలు ఆగలేకపోయావా?" అన్నాను. "భాయ్, ఆరు వారాలు ఎవరు పెడతారు బియ్యం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సాగరు ఎడమ కాల్వ కింద పండిన వడ్లన్నీ వచ్చి చేరే ఊళ్ళో, బియ్యం బస్తాలు మోసే మనిషి అడిగిన ప్రశ్న అది. నొప్పి మాత్రలు కూడా రోజులతరబడి డాక్టరు చెప్పకుండా మింగితే మూత్రపిండాలకు చెరుపు చేస్తాయి. ఆ సంగతి చెప్పాను గాని ఆయన ప్రశ్నకు అది జవాబు కాదు.

ఇక కోదాడ సంగతి. ఇది చెప్పడానికి ఆ తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను, పేర్లు చెప్పను. ఒక పెండ్లింట్లో తడి బండల మీద ఆడపిల్ల జారింది. టప్ మని శబ్దం వచ్చిందని ఆ పిల్లే చెప్పింది. రాత్రికే మోకాలు ఉబ్బింది. సంబంధాలు చూస్తున్న పిల్ల. "కుంటి అని పేరు పడితే ఎవరు చేసుకుంటారు" అని ఇంట్లో వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. డాక్టరు మగవాడు, మోకాలు చూపించాలంటే మొహమాటం. చూడవచ్చినవారి ముందు ఆ పిల్ల పట్టీ తీసేసి, పండ్లు బిగబట్టుకుని, టీ పళ్ళెం పట్టుకుని మామూలుగా నడిచింది. ఏడాదిలో మూడుసార్లు మోకాలు జారింది. ఒకసారి మెట్ల మీద. చివరికి హైదరాబాదులో ఎం.ఆర్.ఐ. తీస్తే ముందు తాడు తెగి, దాంతో పాటు గద్దె కూడా చిరిగి ఉంది. మొదట్లోనే చూపించి ఉంటే గద్దె మిగిలేదని డాక్టరు అన్నాడట. ఆపరేషన్ అయింది. ఆ తర్వాత తొమ్మిది నెలలు పట్టింది. ఇప్పుడు నడుస్తుంది, కుట్టు మిషను తొక్కుతుంది.

తల్లులారా, ఆ పిల్ల కుంటి కాలేదు, దాచిపెట్టిన ఏడాది ఆమెను కుంటి చేయబోయింది. మహిళా డాక్టరు కావాలంటే అడగండి, మహిళా ఫిజియోథెరపిస్టులు ఈ రోజుల్లో చాలామంది ఉన్నారు. వ్యాయామాలన్నీ సల్వార్ మీదనే చేయవచ్చు, ఇంట్లో తలుపు వేసుకుని చేయవచ్చు. సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నది, దాని ఆసుపత్రిలో ఎముకల డాక్టర్లు ఉన్నారు. తాడు తెగిందంటే అందరికీ ఆపరేషనే అని కూడా భయపడవద్దు. స్వీడన్‌లో 121 మంది పడుచువారి మీద చేసిన పరిశీలన 2010లో వెలువడింది. కొందరికి ముందే ఆపరేషన్ చేశారు, కొందరికి ముందు వ్యాయామం పెట్టి అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. రెండేండ్లకు చూస్తే రెండు గుంపుల మోకాళ్ళూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. వ్యాయామం గుంపులో సగానికి మించి ఆపరేషన్ లేకుండానే గడిపారు. ఎవరికి ఏది కావాలో డాక్టరు తేల్చాలి. కాని తువాలు నొక్కుడు మాత్రం ఏ దారిలో పోయినా తప్పదు.

2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల మొదటి రోజున గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడిన సంగతి మనందరికీ గుర్తే. ఎముక విరిగినవారిని లోకం చూస్తుంది, మోసుకుపోతుంది. బెణికిన మోకాలు బయటికి కనిపించదు. "నడుస్తున్నాడుగా, ఏం కాలేదు" అంటారు. ఏవి కనిపిస్తే ఆగకూడదో చెప్తాను. నాలుగు అడుగులు వేయలేకపోతే, గంటల్లోనే బాగా ఉబ్బితే, మోకాలు ఇరుక్కుపోయి చాచలేకపోతే, పాదం చల్లబడినా మొద్దుబారినా, పిక్క గట్టిపడి నొప్పి పుట్టి వాచినా, మోకాలు ఎర్రబడి జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. తెల్లవారనివ్వరాదు.

నా మోకాలు మొత్తం నాలుగు నెలలు తీసుకుంది. మొదటిసారే చీటీ ప్రకారం నడుచుకుని ఉంటే సగంలో అయిపోయేది. బరువు పనికి ఎప్పుడు పోవచ్చు అని ఆ అమ్మాయిని అడిగాను. వారం లెక్క చెప్పలేదు. రెండు మోకాళ్ళూ సమంగా వంగి సమంగా చాగాలి, పట్టుకోకుండా మెట్లు దిగాలి, దెబ్బ కాలి మీద ముప్ఫై లెక్కపెట్టేదాకా నిలవాలి, పని చేసిన మర్నాటి పొద్దున మోకాలు ఉబ్బకూడదు అన్నది. తొడ మీద టేపు మళ్ళీ పెట్టింది. తేడా అర సెంటీమీటరుకు వచ్చింది. ఆ రోజు మసీదులో కుర్చీ మడిచి గోడకు ఆనించాను. ఇప్పుడు దాని మీద వేరొక పెద్దాయన కూర్చుంటున్నారు.

సంఘం ముందు రెండు మనవులు పెట్టి ముగిస్తాను. ఒకటి, మిర్యాలగూడ తమ్ముడి ప్రశ్న. కూలి చేసుకునే మనిషికి ఇట్లా దెబ్బ తగిలి డాక్టరు చీటీ ఇస్తే, ఆరు వారాలకు సరిపడే బియ్యం, పప్పు మన సహాయనిధి నుండి ఇంటికి పంపాలి. చేబదులుగా కాదు. దీనికి ఎంత అవుతుందో లెక్క కట్టి కోశాధికారి గారికి ఇచ్చాను, వారు తల ఊపారు. తల ఊపింది సభ అంతా చూసింది. రెండోది, చంక కర్రలు. ప్రతి ఇంట్లోనూ వాడి అటక మీద పడేసినవి ఉంటాయి. వాటిని సేకరించి మూడు ఊళ్ళలోనూ ఒక్కొక్క చోట ఉంచితే, అవసరమైనవారు తీసుకుపోయి మళ్ళీ తెచ్చి ఇస్తారు. నావి ఇవాళ తెచ్చాను, తలుపు పక్కన ఉన్నాయి. పిడి రబ్బర్లు కొత్తవి వేయించాను. భోజనాల తర్వాత పక్క గదిలో ఆడవారికి మా కోడలు ఆ వ్యాయామాలు చూపిస్తుంది. మగవారికి ఇక్కడే నేను చూపిస్తాను. తువాలు ఎవరిది వారు తెచ్చుకోవాలి.